మావయ్యగారి కారులో బిగుసుకుపోయిన స్క్రీన్

ఆ ఆదివారం పెద్దల్లుడు పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. రెండో కాఫీ తాగడం, పేపరు చివరి పేజీ దాకా చదవడం, మధ్యాహ్నం కాళ్ళు బారచాపుకుని పడుకోవడం. వారానికి ఆరు రోజులు షాపులో మిక్సీలూ ఫ్యాన్లూ విప్పుకుంటూ కూర్చునేవాడికి ఆమాత్రం సుఖం ఉండొద్దూ! కాఫీ సగంలో ఉండగా అత్తయ్యగారు ఫోన్ చేశారు.

"బాబూ, మన కారులో టీవీలాంటిది ఉంది చూడూ, అది బిగుసుకుపోయింది. పాట పెద్దగా పాడుతూనే ఉంది, ఎంత నొక్కినా ఆగట్లేదు. మీ మావయ్యగారు పదకొండింటికి పాత ఆఫీసువాళ్ళ భోజనానికి వెళ్ళాలి. అందులో బొమ్మ కనిపించకపోతే ఆయన బండి వెనక్కి తియ్యలేరు."

పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఏది పాడైనా మొదటి ఫోన్ అతనికే. కుళాయి కారినా, ఇస్త్రీపెట్టె షాక్ కొట్టినా అంతే. "మా పెద్దల్లుడు చెయ్యి వేస్తే చాలు" అని అత్తయ్యగారు అనే ఆ ఒక్క మాట కోసం అతను జోరువానలో స్క్రూడ్రైవరు పట్టుకుని పరిగెత్తిన రోజులున్నాయి.

"వచ్చేస్తున్నా అత్తయ్యగారూ!"

"తొందరేం లేదులే బాబూ, చిన్నల్లుడికి కూడా చెప్పాం. కంప్యూటర్ల మనిషి కదా! గంటలో వస్తానన్నాడు."

పెద్దల్లుడు కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టేశాడు. కంప్యూటర్ల మనిషట! మెడలో ఆఫీసు కార్డు వేలాడేసుకుని తిరిగితే సరి, మనుషులకు కళ్ళు మూసుకుపోతాయి. చెప్పుల్లో కాళ్ళు దూరుస్తుంటే లోపలినుంచి భార్య గొంతు.

"మా మరిది వెళ్తున్నాడుగా, మీకెందుకండీ ఆయాసం?"

పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. అతను స్కూటరెక్కాడు. తోడల్లుడు వచ్చేలోగా ఆ స్క్రీన్ సంగతి తేల్చకపోతే పన్నెండేళ్ళ పరువు గంగలో కలిసినట్టే.

వెళ్ళేసరికి పాట వీధి మలుపు దాకా వినిపిస్తోంది. మావయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నారు. స్క్రీన్ మీద ఏ బొమ్మా కదలడం లేదు. తాళం తీసేసి మళ్ళీ పెట్టినా పాట ఆగలేదు. అంతలో పెద్దల్లుడి జేబులో ఫోన్ మోగింది. చిన్నల్లుడు! సలహా చెప్పి పేరు కొట్టేద్దామనే కదా? పెద్దల్లుడు కట్ చేశాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి ఫోన్ నోరే నొక్కేశాడు.

తన షాపులో ఏది మొండికేసినా ముందు కరెంటు పీకేస్తాడు. ఇక్కడా అదే చేశాడు. తాళాలు సీటు మీద పడేసి, బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు ఊడదీశాడు. పాట టక్కున ఆగిపోయింది.

"చూశారా! మా పెద్దల్లుడు చెయ్యి వేస్తే చాలు" అన్నారు అత్తయ్యగారు.

నెత్తిన పాలు పోసినట్టయింది. అతను ఆ ఆనందంలో కళ్ళు మూసుకుని నిలబడ్డ నిమిషంలోనే, జాగ్రత్తకు మారుపేరైన మావయ్యగారు నాలుగు తలుపుల లాక్ బొడిపెలూ నొక్కి, తలుపులన్నీ మూసేశారు. అతను వైరు తగిలించాడు. కారు ఊరంతా దొంగలు పడ్డట్టు కేకలు మొదలెట్టింది.

"తాళాలేవి మావయ్యగారూ?"

"లోపల సీటు మీదున్నాయిగా!"

"రెండో తాళం?"

"రెండూ ఒకే గుత్తి బాబూ. విడివిడిగా ఉంటే పోతాయని."

వైరు తీస్తే కారు చచ్చినట్టు పడుంటోంది, తగిలిస్తే అరుస్తోంది. ఎదురింట్లోంచి, పక్కింట్లోంచి తలలు బయటికొచ్చాయి. పదిన్నరయింది. సరిగ్గా అప్పుడే, నలగని చొక్కాతో, చిన్నల్లుడు దిగాడు.

"హమ్మయ్య, వచ్చావా నాయనా!" అన్నారు అత్తయ్యగారు. పెద్దల్లుడికి తలకొట్టేసినట్టయింది.

చిన్నల్లుడు మాత్రం కారు వంకైనా చూడకుండా పెద్దల్లుడి చెయ్యి పట్టుకుని గోడ చాటుకు లాక్కెళ్ళాడు.

"ఫోన్ ఎత్తవేంటన్నయ్యా! నేనొచ్చేలోగా ఎలాగైనా బాగుచేసెయ్యమని బతిమాలదామంటే!"

"అదేంటి? నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా?"

"ఏం కంప్యూటర్లు, నా మొహం! ఎవరికెన్ని సెలవులున్నాయో చూడటం నా పని. నా కారులో స్క్రీన్ మూడు నెల్లుగా ఇలాగే బిగుసుకుంది. మీ మరదలికి అది డిజైనని చెప్పా." చిన్నల్లుడు గోడకు ఆనుకున్నాడు. "నీకేం అన్నయ్యా, నువ్వొస్తే అత్తయ్యగారు కుర్చీ తుడిచి వేస్తారు. నాకు కుర్చీ ఎక్కడుందో చూపిస్తారంతే. ఎనిమిదేళ్ళుగా నిన్ను చూసి కుళ్ళుకు చస్తున్నా."

"నన్ను చూసా? నిజంగా?"

"ఒట్టు."

ఇంత చల్లని మాట పెద్దల్లుడు జన్మలో వినలేదు. తన కడుపుమంట కూడా చెప్పేద్దామనుకున్నాడు గానీ, ఆ సుఖం పాడుచేసుకోవడమెందుకని ఊరుకున్నాడు. పెద్దరికంగా తమ్ముడి భుజం తట్టాడు. ఒక కిటికీ అద్దం రెండు వేళ్ళంత దిగి ఉంది. చిన్నల్లుడు ఫోన్ లైటు పట్టుకుంటే, పెద్దల్లుడు స్కూటర్లోంచి ఇనప తీగ తెచ్చి, వంచి లోపలికి దించి నాలుగో ప్రయత్నంలో బొడిపె లాగేశాడు. తలుపు తెరుచుకుంది. వైరు తగిలించి, తాళం తిప్పగానే అరుపు ఆగింది. స్క్రీన్ మీద కంపెనీ గుర్తు వచ్చింది. వచ్చి, అక్కడే బిగుసుకుపోయింది.

"ఇద్దరల్లుళ్ళుండీ ఇదా నా గతి!" అన్నారు మావయ్యగారు.

అప్పుడు ఎదురింటి లెక్కల మాస్టారు, రిటైరై పదేళ్ళయినాయన, చేతిలో పేపరుతో తీరిగ్గా రోడ్డు దాటి వచ్చారు. ఎవర్నీ అడక్కుండా కారులోకి వంగి, పాట సౌండు తగ్గించే గుండ్రటి మీటను నొక్కి పట్టి పది దాకా లెక్కపెట్టారు. స్క్రీన్ ఆరి, వెలిగి, వెనకున్న గేటును చక్కగా చూపించింది.

"మా కారుకీ వారానికోసారి ఇంతేనండి" అన్నారాయన.

"ఎంత తెలివైనవారండీ!" అని అత్తయ్యగారు మురిసిపోయారు. "ఇకనుంచి ఏదొచ్చినా ముందు మీకే చెప్తాం. అల్లుళ్ళను ఎందుకు ఊరికే తిప్పడం?"

మావయ్యగారు మాస్టారికి దణ్ణం పెట్టి, కారు వెనక్కి తీసుకుని వెళ్ళిపోయారు. అత్తయ్యగారు మాస్టారికి కాఫీ తేవడానికి లోపలికి పరిగెత్తారు. తోడల్లుళ్ళిద్దరూ మాడిన మొహాలతో గేటు పక్కన నిలబడ్డారు.

"ఆయన చొక్కా గుండీలు చూశావా అన్నయ్యా? ఒకటి కింది కాజాలో పెట్టుకున్నాడు."

"చూశాలే. పది దాకా లెక్కపెట్టడానికి పెదాలు కూడా కదిపాడు. లెక్కల మాస్టారట!"

ఎనిమిదేళ్ళలో వాళ్ళిద్దరికీ మాట కలవడం అదే మొదటిసారి.