ఆక్రాయిడ్ నాసికావిజయము

యార్క్‌షైర్ కొండబీళ్ళపై శరత్కాలసూర్యుడు మేఘకంబళమును ముసుగుదన్నిన ఒకానొక మధ్యాహ్నమున, ఏనాడో మూతపడిన రైలుమార్గముపై, నూఱేండ్లనాటి బంగారుదోపిడీని సినిమాగా తీయువారి పొగబండి హుంకరించుచుండెను. దాని కడపటి పెట్టెలో, గడ్డి పఱచిన నేలపై, దొంగలచే హతుడైన గార్డు వేషమున శయనించినవాడు ఎవడనగా: ఆ యూరి విశ్రాంత పాలవాడు, తొలిసారి వేషము కట్టినవాడు, దీర్ఘనాసికుడు విల్‌ఫ్రెడ్ ఆక్రాయిడ్!

"కదిలావంటే చూడు!" అని వెలుపలినుండి భార్య హిల్డా గర్జించెను. "రోజూ భోంచెయ్యగానే కుర్చీలో శవంలా పడుంటావుగా, అదే ఇక్కడ చెయ్యి. ఊరంతా చూస్తోంది, పరువు తియ్యకు."

దర్శకుడు పెల్ చేతులెత్తెను. "దొంగలు పేల్చే బంగారపు ఇనప్పెట్టె ఉన్నది ఒక్కటే. పేలిందంటే మళ్ళీ తియ్యడానికి ఇంకోటి లేదు. చచ్చినవాడు చచ్చినట్టే ఉండాలి. సరేనా విల్‌ఫ్ గారూ?"

"చచ్చాక కదిలే అలవాటు నాకు లేదండీ," అని వీరుడు ప్రతిన బూనెను.

పేలెను ఇనుపపెట్టె! తోడనే ధూళిసేన, తృణరజస్సమేతముగా, ఆక్రాయిడ్ నాసికాదుర్గముపై దండెత్తెను. తుమ్మనెడి మహారాక్షసి అంతర్ద్వారమున నిలిచి తొడగొట్టెను. వీరుడు నాలుకను అంగిటికి అదిమి, బూట్లలో కాలివ్రేళ్ళను బిగించి, శ్వాసను బంధించి, మంచుదారులలో పాలసీసాలు మోసిన తన ధైర్యమునంతయు ముక్కుకొనకు తరలించెను. రాక్షసి ఒక్కడుగు వెనుకంజ వేసెను.

దొంగలు బంగారమెత్తుకొని అప్పుడే దిగిపోవలసియుండెను. కాని దొంగలనాయకుని వేషమునందున్న నటుడు లయొనెల్ హార్‌గ్రీవ్, కథలో లేని ఆవేశమును పొంది, శవముపై కాలుమోపి ఎలుగెత్తెను: "ఓ కనకమా! చీకటి పెట్టెలలో చెఱబడిన నీ విముక్తికై వచ్చిన వీరుడను నేను!"

అట్లు పలుకుచు అతడు చేయి విసరగా, అతని అంగీ బొచ్చుటంచు ఆక్రాయిడ్ ముక్కును ఇటునుండి అటు, అటునుండి ఇటు నిమిరెను. హా! కెమెరాకు కనబడని కంట ఒక్క బాష్పబిందువు జాఱెను. శవము మాత్రము చలింపలేదు!

"కట్!" అని పెల్ కేక వేసెను. అందఱును చప్పట్లు చఱచిరి. ఆక్రాయిడ్ కదలలేదు; నోరు తెఱచినచో కోట కూలునని అతనికి తెలియును.

హిల్డా జనమును త్రోసికొని రైలుపెట్టెలోనికి ఎక్కెను. "విల్‌ఫ్! అయిపోయింది, లే. విల్‌ఫ్?" ఆమె అతని భుజము పట్టి కుదిపెను. "ఏయ్, వేళాకోళమాడకు, నాకు భయమేస్తోంది..."

అంతట పగిలెను ఆకాశము! ఆ తుమ్మునకు పొగబండి అద్దములు గలగలలాడెను. హార్‌గ్రీవ్ అంటించుకొన్న మీసము ఎగిరి హిల్డా టోపీపై వాలెను.

"బతికే ఉన్నాడు మహానుభావుడు!" అని ఆమె కండ్లు తుడుచుకొని, ఆ రుమాలునే అతని ముక్కునకందించెను.

దిక్కులారా, వినుడు! బంగారము దొంగలపాలయ్యెను, జయము హతుడైన గార్డునకు దక్కెను. కట్ అనువఱకు విల్‌ఫ్రెడ్ ఆక్రాయిడ్ తుమ్మలేదు!