గాడిదలు లేని సందు

మనిషికి కూడూ గుడ్డా దొరికినా దొరక్కపోయినా, వాడుండే సందుకు గౌరవప్రదమైన పేరు దొరికి తీరాలని ప్రభుత్వం తీర్మానించింది. ఆ మహత్కార్యానికి నామ సంస్కరణ శాఖ వెలిసింది. దాని చల్లని చూపు ముందుగా మా గాడిదల సందు మీదే పడింది. (ఈ సందులో గాడిదను చూసినవాళ్లెవరూ ఇప్పుడు బతికి లేరు.)

రాత్రికి రాత్రే మాది సద్గుణ మార్గమైపోయింది. గోతులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అవి రోడ్ల శాఖవి. పాత పేరు ఎత్తడం నేరమని మైకులో చాటించారు. ఏ పేరు ఎత్తకూడదో చెప్పాలంటే అదే పేరు ఎత్తాలి కనుక, చాటింపు మనిషి "ఎత్తకూడని పేరు ఎత్తకండహో" అని అరుచుకుంటూ పోయాడు.

పేచీ ఎక్కడొచ్చిందంటే, పేర్లు పంచే అధికారి పక్షపాతం లేని మనిషి. మా సందుకిచ్చిన పేరే బురదగుంట వీధికీ, దొంగల మలుపుకీ, కుందేళ్ల సందుకీ ఇచ్చేశారు. ఎటు తిరిగినా సద్గుణమే తగిలేది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్న మా మామగారు ఛాతీ పట్టుకుని పక్కకి ఒరిగిపోయారు. మా ఆవిడ కెవ్వుమంది. నేను అంబులెన్సుకు ఫోన్ చేశాను.

"సద్గుణ మార్గమమ్మా, తొందరగా!"

"ఏ సద్గుణ మార్గం సార్?" అంది ఫోన్‌లో అమ్మాయి.

"అదేనమ్మా, ఇదివరకు... గా..."

"అయ్యో, ఆ పేరు అనకండి సార్! వినపడిందంటే లైను దానంతటదే తెగిపోతుంది. ఏదైనా గుర్తు చెప్పండి."

"నాలుగు కాళ్లూ, పొడుగు చెవులూ..."

"అర్థమైంది సార్, వచ్చేస్తున్నారు."

వచ్చారు, కుందేళ్ల సందుకి. అక్కడ అరుగు మీద గోళ్లు తీసుకుంటున్న ఒక పెద్దాయన్ని ఎత్తుకుపోయారు. (నాకేం కాలేదురా బాబూ అని ఆయన మొత్తుకుంటే, గుండెపోటు వచ్చినవాళ్లంతా మొదట అలాగే అంటారని సముదాయించారట.)

ఇక్కడ మామగారికి చెమటలు ధారకట్టాయి. నేను మళ్లీ మళ్లీ ఫోన్ నొక్కుతూనే ఉన్నాను. మా ఆవిడ మాత్రం కొంగు బిగించి సందు మొగలోకి పరిగెత్తింది.

"ఆటో! గాడిదల సందయ్యా, గాడిదల సందు! మా నాన్న చచ్చిపోతున్నాడు!"

మెయిన్ రోడ్డు మీద పోతున్న ఆటో గిర్రున తిరిగింది. మామగారు దక్కారు.

మర్నాడు ఆసుపత్రికి పేర్ల అధికారి స్వయంగా వేంచేశారు, పరామర్శకు కాదు.

"నిషిద్ధ నామాన్ని నడిరోడ్డు మీద ఎత్తారటగా?"

"ప్రాణం పోతుంటే ఏం చేయమంటారండీ?" అంది మా ఆవిడ.

"ప్రాణాలు మా శాఖ కిందికి రావమ్మా," అన్నారాయన నొచ్చుకుంటూ. "అయినా మీ సందంతా నేనే తనిఖీ చేశాను. అలాంటి జంతువు ఒక్కటి కూడా లేదు. మరి లేనిపోని పేరు దేనికి?"

మంచం మీద మామగారు మెల్లగా కళ్లు తెరిచి, ఆయన్ని ఎగాదిగా చూశారు.

"అయితే అవన్నీ ఎటుపోయాయంటావు నాయనా?"

ఎటుపోయాయో గదిలో అందరికీ తెలుసు. ఆ పేరు ఎత్తడమే నేరం.