ముసురు పట్టినంతసేపూ మంచివాళ్ళమే

వానను తిట్టేవాళ్ళంటే నాకు జాలి. బురదనీ, దోమలనీ, ఆరని బట్టలనీ చూసి వానను ఆడిపోసుకునే ఈ అమాయకులకు తెలియని రహస్యం ఒకటుంది. మనిషి జ్ఞాపకశక్తికీ మంచితనానికీ వానను మించిన టానిక్ ఈ భూమ్మీద లేదు!

నమ్మరా? నానబెట్టిన బాదంపప్పులు తిని, యూట్యూబులో చెప్పిన ప్రాణాయామాలన్నీ చేసి, చివరికి కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే నాలాంటివాడు చెబుతున్న మాట ఇది. మా రాజమండ్రిలో రెండు రోజులు ముసురు పట్టనివ్వండి. ఎప్పటెప్పటివో గుర్తుకొస్తాయి!

మా ఆవిడ ప్రసన్నలక్ష్మినే తీసుకోండి. మామూలు రోజుల్లో స్టవ్ మీద పాలు పెట్టిన సంగతి కూడా ఆమెకు గుర్తుండదు. అదే వాన మొదలై, కరెంటు పోయి, టీవీ ఆగి, ఫోన్‌లో చార్జింగ్ కూడా అయిపోయిందనుకోండి. మా పెళ్ళిలో మా మేనత్త ఏ చీర పెట్టిందో, పెడుతూ ఏ మాట అన్నదో, అంటూ మూతి ఎటు తిప్పిందో వరసగా చెప్పేస్తుంది. ఆ మేనత్త కాలం చేసి చాలా ఏళ్ళయింది. అయినా వాన పడ్డప్పుడల్లా పాపం మా వరండాలోకి వచ్చి నాలుగు చీవాట్లు తిని వెళుతూనే ఉంటుంది.

ఎదురింటి శ్రీనివాసరాజు గారి జ్ఞాపకశక్తి ఇంకో రకం. ఆయనకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పిల్లల కాలేజీ చదువుల కోసం ఇక్కడ ఇల్లు కట్టించారు. చినుకు పడితే చాలు, ఆయనకు ఎనభై ఆరు వరద గుర్తొస్తుంది. నేను మొదటిసారి విన్నప్పుడు ఆ వరద నీళ్ళు ఆయన మోకాళ్ళ దాకా వచ్చాయి. మరుసటి వానకు నడుం దాకా వచ్చాయి. ఆ తర్వాతి తుఫానుకు తాతగారి పెంకుటింటి కప్పెక్కి కూర్చున్నారు. వానలు ఇలాగే దంచితే, ఆయన గోదావరికి ఎదురీది ధవళేశ్వరం దాకా వచ్చేస్తారేమోనని నా భయం!

ఇక కవిత్వం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏడాది పొడవునా ‘సిమెంటు బస్తాలు హోల్‌సేల్ ధరలకు’ అని తప్ప వాట్సాప్ స్టేటస్ పెట్టని మనిషి కూడా, కిటికీ అద్దం మీద నాలుగు చినుకులు పడగానే వాటిని ఫొటో తీసి, పక్కన ఒక టీ గ్లాసు పెట్టి, కింద ‘ఆ రోజులే వేరు’ అని రాస్తాడు. ఏ రోజులు? ఎవరికి వేరు? అడక్కండి. వానలో అలాంటివి అడిగేవాడు రసికుడు కాడు.

ఇదంతా జ్ఞాపకాల సంగతి. మూడ్ సంగతి వింటే మీరు మబ్బుకు దణ్ణం పెడతారు. ఎండాకాలంలో పక్కింటి చెత్త మన గుమ్మం ముందుకొస్తే కొట్టుకు చచ్చే మనం, వాన పడితే వరండాల్లో నిలబడి “తడవకండి, జలుబు చేస్తుంది” అని ఒకరికొకరు చెప్పుకుంటాం. బజ్జీలు వేసుకుంటే గొడుగేసుకుని వెళ్ళి మరీ ఇచ్చివస్తాం. గుండె మెత్తబడిపోతుంది. మా వీధిలో గుండెలు మెత్తబడ్డప్పుడు అందరికీ ముందుగా గుర్తొచ్చేది చివరింటి రత్నమాణిక్యం గారు.

ఆవిడ పుట్టిల్లు ఆత్రేయపురం. భర్త పోయాక, ఇక్కడి సొంతింట్లోనే ముందుగదిలో కూర్చుని పూతరేకులు చుట్టి అమ్ముకునేవారు. మా వీధి అటువైపు పల్లం. ఇటు పడ్డ వానంతా అటే పోవాలి. పోవడానికి రోడ్డు పక్కన డ్రైను ఉంది. డ్రైను మీద మా ర్యాంపులు ఉన్నాయి. కారు గేటులోకి ఎక్కాలంటే ర్యాంపు ఉండాలి కదా? ర్యాంపు కట్టాక దాని మీద రెండు పూలకుండీలైనా ఉండాలి కదా? అలా ఇల్లిల్లూ కట్టుకుంటూ పోయేసరికి, అసలు డ్రైను ఎక్కడుందో ఇప్పుడు పందికొక్కులకు తప్ప ఎవరికీ తెలియదు. పూడిక తీద్దామంటే పార దూరే సందు లేదు. అందుకని నీళ్ళు రోడ్డెక్కి, తిన్నగా రత్నమాణిక్యం గారి ముందుగదిలోకి వెళ్ళేవి. పేర్చిపెట్టుకున్న రేకులన్నీ ముద్దయిపోయేవి.

పోయినేడు శ్రావణంలో ముసురు పట్టినప్పుడు చూడాలి మా వీధి మంచితనం! మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఆవిడ ముద్దయిన రేకులను బకెట్లతో ఎత్తిపోస్తుంటే, మేమంతా చూసి కరిగిపోయాం.

“ఇంక నా వల్ల కాదండి. మళ్ళీ నీళ్ళొచ్చాయంటే ఇల్లమ్మేసి మా ఊరు పోతానండి,” అన్నారావిడ.

“ఎంత మాటన్నారండీ! మేమంతా లేమా?” అంటూ శ్రీనివాసరాజు గారు లుంగీ ఎగ్గట్టి నీళ్ళలోకి దిగిపోయారు. “ఈ ర్యాంపులన్నీ పగలగొట్టించేద్దామండి. ముందు నాదే!”

“కాదు, ముందు మాది!” అన్నాను నేను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వానలో ఎవరికీ కనబడలేదు గానీ నిజంగానే తిరిగాయి. ప్రసన్నలక్ష్మి అక్కడికక్కడే పూలకుండీలను త్యాగం చేసింది. వీధి వీధంతా ఒక్క మాట మీద నిలబడింది. స్వాతంత్ర్యోద్యమంలో కూడా ఇంత ఐకమత్యం ఉండి ఉండదు!

తర్వాత ఎండ వచ్చింది.

ఎండ గురించి నేను చెడ్డగా రాయదలచుకోలేదు. వడియాలు పెట్టుకునేవాళ్ళకు అది అవసరం. కానీ మనసుల్ని ఆరబెట్టడంలో దానికి కొంచెం తొందరెక్కువ. రోడ్డు మీద తడి పోకముందే మా మనసుల్లో తడి పోయింది. కారు కడిగి ర్యాంపు మీద నిలబెట్టి చూసుకుంటే, రెండూ ఒకదాని కోసం ఒకటి పుట్టినట్టు కనిపించాయి.

ఇక్కడే రత్నమాణిక్యం గారు ఒక పొరపాటు చేశారు. వానలో అన్న మాటను ఎండలో కూడా నమ్మారు! ఆఫీసుల చుట్టూ తిరిగి, కనబడ్డవాళ్ళనల్లా బతిమాలి, ఒకరోజు పొద్దున్నే జేసీబీని వెంటబెట్టుకుని వచ్చారు.

మళ్ళీ వీధంతా ఒక్కటైంది. నేను మా ర్యాంపు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ప్రసన్నలక్ష్మి పూలకుండీని గుండెలకు హత్తుకుంది. శ్రీనివాసరాజు గారు జేసీబీ ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డారు. “ఏంటండీ ఇది? ఎవర్నడిగి వచ్చారండీ?”

“మీరేగదండీ పగలగొట్టిద్దామన్నారు? ముందు నాదేనని కూడా అన్నారు కదండీ?” అన్నారు రత్నమాణిక్యం గారు.

శ్రీనివాసరాజు గారు ఆవిడ వంక ఎంతో మర్యాదగా చూశారు.

“ఆయ్, అన్నానండి. అప్పుడు వాన కదండీ!”

ఎంత చక్కటి మాట! దీనికి ఏ కోర్టు మాత్రం ఎదురు చెప్పగలదు? ఆవిడ మా అందరి మొహాలూ ఒకసారి చూసి, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు. జేసీబీ వచ్చిన దారినే పోయింది. తర్వాతి వానకు రేకులు మళ్ళీ ముద్దయ్యాయి. మేం మళ్ళీ వరండాల్లోకి వచ్చి కరిగిపోయాం. ఈసారి ఆవిడ మా వైపు చూడలేదు. దసరా లోపే ఇల్లు అమ్మేసి ఆత్రేయపురం వెళ్ళిపోయారు.

ఆవిడ విలువ మాకు ఆ తర్వాతే తెలిసింది. అదీ వానలోనే. నాలుగు చినుకులు పడితే చాలు, “రత్నమాణిక్యం గారి పూతరేకు నాలిక మీద పెట్టుకుంటే ఉండేది కాదండీ” అని ఒకరు, “మనిషి మాత్రం? ఎంత నెమ్మదండీ!” అని ఇంకొకరు. వీధిలో ఉన్నన్నాళ్ళూ ఆవిడకు ఇంత గౌరవం ఎక్కడ దొరికింది? చూశారా వాన గొప్పతనం!

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఆ ఇల్లు కొన్న పెద్దమనిషి లోకం తెలిసినవాడు. పాతిల్లు పడగొట్టి, టిప్పర్ల కొద్దీ మట్టి తోలించి, స్థలాన్ని మా కిటికీల ఎత్తుకు మెరక చేయించాడు. ఈ ఏడు ముసురు పట్టేసరికి నీళ్ళు అక్కడిదాకా వెళ్ళి, దారి లేక వెనక్కి తిరిగి, వీధిలో ఆ తర్వాతి పల్లం ఎవరిదా అని వెతుక్కున్నాయి. అది మాదేనట!

ఈ వ్యాసం నేను మా హాల్లో మంచం మీద కాళ్ళు పైకి ముడుచుకుని రాస్తున్నాను. కింద నా చెప్పులు వంటింటి వైపు సాగిపోతున్నాయి. ఫ్రిజ్ మూలుగుతోంది. ప్రసన్నలక్ష్మి బియ్యం డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురింటి వరండాలో శ్రీనివాసరాజు గారు కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డారు.

“మీరేం బెంగపడకండి! ఈ ర్యాంపుల్ని పగలగొట్టించేద్దామండి. ముందు నాదే!” అని అరుస్తున్నారు.

ఆయన మాట మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. కానీ పడమటి వైపు అప్పుడే మబ్బు విచ్చుకుంటోంది. అన్నవరం సత్యదేవా, కొండకొచ్చి వ్రతం చేయించుకుంటాను. జేసీబీ వచ్చేదాకా ఈ వాన ఆగకుండా చూడు తండ్రీ!