బత్తాయి డబ్బాల్లో స్పోర్ట్స్ కారు

ముందే ఒప్పేసుకుంటున్నాను. కట్టుకున్న మొగుడి మీదికి దొంగ బేరగాణ్ని పంపిన మనిషిని నేను. మీరు నన్ను ఏమైనా అనుకోండి, కాకపోతే మా ఇంటి కింద షట్టర్‌లో ఏముందో విన్నాక అనుకోండి.

మాకో స్పోర్ట్స్ కారుంది. ఉంది అంటే, కారుకు కావలసినవన్నీ ఉన్నాయి. కారు మాత్రం లేదు.

రెండు సీట్ల పాతకాలం ఇంగ్లీషు బండి. మలక్‌పేటలో గుర్రప్పందేల మీద సంపాదించి, అక్కడే పోగొట్టుకున్న ఒక పెద్దాయన వారసుల దగ్గర మా ఆయన వంశీ కొన్నాడు. ముక్కలుగా కొన్నాడనుకునేరు. శుభ్రంగా నడుపుకుంటూ తెచ్చాడు. "లోపల జర దుమ్మున్నది, ఒక్కసారి విప్పి తుడిచి పెడ్త" అన్నాడట. అది మా పెళ్లికి ముందు మాట. ఇప్పుడు పెళ్లయి మూడేళ్లు. దుమ్ము మాత్రం పూర్తిగా పోయింది.

గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ మా షట్టర్ ఒక బత్తాయిల వ్యాపారి గోదాం. మార్కెట్ తరలిపోయాక ఆయనా పోయాడు, ఖాళీ డబ్బాలు వదిలేసి. వంశీ ఆ డబ్బాల్లోకి కారును సర్దాడు. బ్రేకులు ఒకదాంట్లో, గేర్లు ఒకదాంట్లో, లైట్లు ఒకదాంట్లో, అవేంటో వంశీకి కూడా తెలియనివి మిగతా అన్నింట్లో. ఇప్పటికీ ఇంజిన్ మీది గుడ్డ తీస్తే బత్తాయి వాసనొస్తుంది.

బానెట్ మేడ మీద ఉంది. దాని మీద మా అత్తమ్మ ఇంద్రమ్మ మిరపకాయలు ఎండబెడుతుంది. ఈ మూడేళ్లలో ఆ కారు మా ఇంటికి చేసిన ఒకే ఒక్క ఉపకారం ఆ కారప్పొడి.

నాకు ఆ షట్టర్ కావాలి. నాది ఐటీ ఉద్యోగం, ఇంటి నుంచే పని. ఆఫీసు అంటే డైనింగ్ టేబుల్. ఒకవైపు కుక్కర్, ఇంకోవైపు మా మామ ఎల్లయ్య, ఆయన ప్లాట్ల బేరాలు. ఒకరోజు క్లయింట్లతో మీటింగ్‌లో ఉండగా వెనక నుంచి "ఈస్ట్ ఫేసింగ్! కార్నర్ బిట్టు! మల్ల దొరకది!" అని వినిపించింది. క్లయింటు చాలా మర్యాదగా, అది మేము కొత్తగా తెస్తున్న ఫీచరా అని అడిగాడు.

ఆ సాయంత్రమే మా మేనేజర్ తేల్చేసింది. నెల తిరిగేలోపు చప్పుడు లేని గది చూసుకోవాలి, లేదంటే రోజూ ఆఫీసుకు రావాలి. రోజూ అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాలి. అక్కడ ఎక్కితే సీటు కాదు కదా, చెయ్యి పైకెత్తే జాగా కూడా దొరకదు. సీటు కావాలంటే వెనక్కి ఎల్బీ నగర్ దాకా పోయి, అక్కడ ఎక్కి, మళ్లీ మా ఇంటి ముందు నుంచే పోవాలి.

అందుకని ఆ రాత్రి అన్నాల దగ్గర మొదలుపెట్టాను.

"వంశీ, కారు అమ్మేద్దాం."

"ఏ కారు?"

"కింద డబ్బాలల్ల ఉన్నది."

"అది అమ్మే కారు కాదు జ్యోతీ, చేసే కారు."

"మూడేండ్ల సంది ఏం చేస్తున్నవ్?"

"ఆలోచన చేస్తున్న."

నేనలిగాను. వంశీ దిగొచ్చాడు. సరైన రేటు వస్తే అమ్మేస్తానన్నాడు. 'సరైన' అన్న మాట అంత ప్రమాదకరమైందని నాకప్పుడు తెలియదు.

నా పద్ధతిలో నేను రేటు కట్టాను. ఇలా సగంలో ఆగిపోయిన బళ్లు నెట్‌లో ఎంతకు పోతున్నాయో చూసి, మన దగ్గర లేని పార్టులకు తగ్గించి, మూడు లక్షలు అన్నాను.

వంశీ నవ్వాడు. "పూర్తిగా తయారైన బండి పదిహేను లక్షలు. తయారు చేయనీకి ఏం కావాలె? బిగించుడే కదా? బిగించుడుకు మూడు తీసెయ్. పన్నెండు."

"గా బిగించుడే మూడేండ్ల సంది అయితలేదు కదా!"

"గందుకే మూడు తీసేసిన."

అప్పుడు మా మామ గొంతు సవరించుకున్నాడు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఎల్బీ నగర్‌లో వీళ్లకు జొన్నచేను ఉండేదట. ఎప్పుడో అగ్గువకు అమ్మేశారు. తర్వాత అక్కడ మెట్రో పిల్లర్ లేచింది. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఎవరూ ఏదీ అమ్మలేరు. పాత పేపర్లు కొనేవాడు వచ్చినా, ఇంకో నెల ఆగితే రేటు పెరుగుతుందేమోనని వాపసు పంపిస్తారు.

"మీ ఇద్దరి లెక్కా గలతే," అన్నాడు మామ. "రేటు మనం కట్టొద్దు బిడ్డా. అడిగెటోడు రావాలె. వాని మొఖం చూస్తే రేటు తెలుస్తది. ఇప్పటికైతే అయిదు అని పెట్టుండ్రి."

"బానెట్ మాత్రం ఎండకాలం అయినంకనే ఇస్త," అంది అత్తమ్మ, పెరుగు వడ్డిస్తూ.

అడిగేవాణ్ని నేనే పంపిద్దామనుకున్నాను. మా ఆఫీసులో రాఘవేంద్ర ఉన్నాడు. గుంటూరు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉంటాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. అందుకే అతని పేరు బగ్గుల రాఘవేంద్ర. పెళ్లి భోజనానికి పిలిస్తే, తినకముందే విస్తరిలో ఏమేం రాలేదో చెప్పే రకం. ఇంతకన్నా మంచి బేరగాడు ఎక్కడ దొరుకుతాడు? అతను వచ్చి తప్పులు పడతాడు, వంశీ గుండె జారుతుంది, రేటు కూడా జారుతుంది.

ఆదివారం వచ్చాడు, నేనెవరో ఎరగనట్టు. షట్టర్ లేపగానే పని మొదలుపెట్టాడు.

"తుప్పండీ."

"పైపైన," అన్నాడు వంశీ.

"కింద కూడా ఉందండీ. ఈ రెండు తలుపులూ ఒక కారువి కావండీ. సైలెన్సర్ కనపడట్లేదండీ. ఇదేంటండీ, బ్రేకుల డబ్బాలో ఎండిపోయిన బత్తాయి ఉంది?"

గంటసేపు తప్పులు పట్టాడు. ఒక్కో తప్పుకూ వంశీ ముఖం వాడిపోతోంది. ఒక్కో తప్పుకూ మామ ముఖం వెలిగిపోతోంది. నాకు అర్థం కాలేదు. సైలెన్సర్ దగ్గరికొచ్చేసరికి మామ మేడ మీదికి చూసి, "ఇంద్రమ్మా, చాయ్ పంపు! బిస్కెట్లు గూడ!" అని కేకేశాడు.

రాఘవేంద్ర వెళ్లగానే అన్నాడు. "ఏడు లక్షలు."

"మామా! అన్నీ తప్పులే చూపెట్టిండు కదా!"

"గందుకే బిడ్డా. కొననోడు అంత మంచిగున్నదని పొగిడి, చాయ్ తాగి పోతడు. గంటసేపు తప్పులు వట్టిండంటే, వానికి గా కారు లేకుంట నిద్ర పట్టదు."

ఒక్క పైసా పెట్టకుండా కారు విలువ రెండు లక్షలు పెంచాను. మా కంపెనీలో ఇలాంటి ఎదుగుదల చూపిస్తే ప్రమోషన్ ఇచ్చేవాళ్లు.

మేనేజర్ పెట్టిన నెల గడువు దగ్గరపడుతోంది. ఇక తెగించాను. నా సేవింగ్స్‌లోంచి యాభై వేలు తీసి రాఘవేంద్ర చేతిలో పెట్టాను. ఏసీ, మంచి కుర్చీ కొనుక్కుందామని దాచుకున్న డబ్బులు అవి. ప్లాన్ ఏంటంటే, ఎంత చెబితే అంతకు ఒప్పుకోవాలి, బయానా కట్టాలి, మిగతాది తర్వాత ఇస్తానని సరుకు తీసుకుపోయి తన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టుకోవాలి. ఒకసారి గడప దాటిన డబ్బాలను మళ్లీ మోసుకొచ్చే ఓపిక వంశీకి లేదు. ఆ తర్వాత అసలైన బేరం నెమ్మదిగా చూసుకోవచ్చు.

"ఈసారి ఒక్క తప్పు కూడా పట్టకు," అని రాఘవేంద్రకు గట్టిగా చెప్పాను.

పాపం, ఎంత కష్టపడ్డాడో. తుప్పు చూశాడు, గుటక మింగాడు. రెండు రకాల తలుపులు చూశాడు, కళ్లు మూసుకున్నాడు. "బాగుందండీ," అన్నాడు, చేదుమందు తాగినట్టు.

"ఎనిమిది," అన్నాడు మామ.

రాఘవేంద్ర నా వైపు చూశాడు. నేను తలుపు చాటు నుంచి తల ఊపాను.

"సరేనండీ."

బయానా చేతులు మారింది. మామ నోట్లు కళ్లకు అద్దుకున్నాడు. నా నోట్లు.

"మరి డబ్బాలు ఇవాళే తీసుకెళ్తానండీ. ఆటో ట్రాలీ కూడా మాట్లాడుకొచ్చాను."

"ఎట్ల తీస్కపోతరు సారూ?" మామ షట్టర్ దించాడు. "బయానా పడ్డదంటే ఇగ అది మీ సొత్తు. పరాయి సొత్తు మేం ముట్టం. పైసలు మొత్తం కట్టేదాంక మీరూ ముట్టరు. నెల రోజులు టైము." తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

అంతకుముందు కనీసం డబ్బాలు ఓ మూలకు జరిపి కుర్చీ వేసుకునే ఆశైనా ఉండేది. ఇప్పుడు యాభై వేలు పోసి ఆ షట్టర్‌ను సీల్ చేయించుకున్నాను.

ఆ నెలంతా ఆఫీసుకు పోయాను. వెనక్కి ఎల్బీ నగర్ పోయి, సీటు పట్టి, మా ఇంటి ముందు నుంచే వెళ్తూ, కిటికీలోంచి మా మేడ మీది బానెట్ చూసుకునేదాన్ని. దాని మీద మిరపకాయలు హాయిగా పడుకుని ఉండేవి.

మిగతా ఏడున్నర లక్షలు నా దగ్గరెక్కడివి? గడువు రోజున రాఘవేంద్ర ఫోన్ చేసి, కుదరట్లేదండీ అనేశాడు. మా మామ లోకంలో మాట తప్పిన కొనుగోలుదారుడి బయానా పోయినట్టే లెక్క. నేను ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి వంశీ ఎదురొచ్చి నన్ను గిరగిరా తిప్పేశాడు.

"జ్యోతీ! గా యాభై వేలు నాయిన నాకే ఇచ్చిండు! కార్బ్యురేటర్లు ఆర్డర్ పెట్టిన. ఇంగ్లాండ్‌కెల్లి వస్తున్నయ్! గా పిచ్చోనికి దండం పెట్టాలె!"

"పెట్టాలె," అన్నాను. ఇంకేమనాలి?

ఆరేసిన బట్టలు తీసే సాకుతో మేడెక్కి, బానెట్ పక్కన కూర్చుని కాసేపు ఏడుద్దామనుకున్నాను. మిరపకాయల ఘాటుకు అదేం పెద్ద కష్టం కాలేదు. అప్పుడు మామ వచ్చాడు.

"నీ పైసలేనా బిడ్డా?"

చేతిలోని టవల్‌తో కళ్లు తుడుచుకున్నాను.

"నలభై ఏండ్ల సంది బినామీలను చూస్తున్న. కొనెటోడు కాగితం అడుగుతడు. నీవోడు రెండుసార్లు వచ్చిండు, బండి కాగితం ఉన్నదా అని ఒక్కసారి అడగలే. రేటు చెప్తే నా దిక్కు చూడాలె. నీ దిక్కు చూసిండు."

"మరి తెలిసి గూడ ఎందుకు తీస్కున్నరు మామా?"

"వచ్చిన బయానా వద్దంటరా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "షట్టర్ కావాలంటే సీదా అడగాలె గదా. గా బత్తాయిలాయన గూడ అడిగే తీస్కున్నడు. సరే తియ్. గా యాభై వేలు షట్టర్ అడ్వాన్స్ కింద పట్టుకున్న. వచ్చే ఒకటో తారీఖు కెల్లి కిరాయి ఇయ్యి."

"అడ్వాన్స్ అంటే, వాపస్ వస్తదా?"

"ఖాళీ చేసినప్పుడు చూద్దాం."

హైదరాబాద్‌లో కిరాయికున్న ప్రతి మనిషికీ ఈ మాట తెలుసు. దాని అర్థం కూడా తెలుసు.

"వంశీకి చెప్తరా?"

"వానికెందుకు? నీ దగ్గర పైసలున్నయని తెలిస్తే రేపు సైలెన్సర్ అడుగుతడు."

అట్లా నా ఆఫీసు వెలిసింది. డబ్బాలన్నీ ఒకదాని మీద ఒకటి గోడలా పేర్చి ఇవతల సగం నాకిచ్చారు. కుర్చీ డబ్బులు ఇంగ్లాండ్ పోయాయి కాబట్టి వంశీ కారు సీటునే రెండు బత్తాయి డబ్బాల మీద బిగించి ఇచ్చాడు. మూడేళ్లలో ఆయన బిగించిన మొదటి పార్టు అదే. క్లయింట్లు నా వెనకాల గోడను చూసి డెకరేషన్ బాగుందంటున్నారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. పోయిన శనివారం మల్లికార్జునరావుగారని ఒకాయన వచ్చారు. రిటైర్డ్ ఇంజినీరు, నిజమైన బేరం. వస్తూనే కాగితాలు అడిగారు. అన్ని డబ్బాలూ ఓపికగా చూశారు. చివరికి, "మూడు లక్షలు ఇస్తానమ్మా. ఇవాళే పట్టుకుపోతాను," అన్నారు.

మూడు లక్షలు. అచ్చం నేను కట్టిన రేటు. షట్టర్ మొత్తం నాదవుతుంది. వంశీ నా వైపు దీనంగా చూశాడు. మామ మేడ మీద పిట్టగోడ ఆనుకుని ఊరికే వింటున్నాడు. అందరూ నేను 'సరే' అంటాననే అనుకున్నారు. నేను కూడా అదే అనుకున్నాను.

కానీ అందులో నా యాభై వేలున్నాయి. కార్బ్యురేటర్లు వచ్చేస్తున్నాయి. కడుతున్న కిరాయి ఉంది. పైగా ఈ సీటుకు నా నడుం అలవాటు పడిపోయింది.

"ఎనిమిది సార్," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. "ఈ ముక్కలకా? ఎలా కట్టావమ్మా ఈ రేటు?"

"పూర్తిగా తయారైతే పదిహేను లక్షల బండి సార్," నా నోరు దానంతటది చెప్పుకుపోతోంది. "తయారు చేయడానికి ఏం కావాలి? బిగించడమే కదా?"

పెళ్లిచూపుల్లో కూడా వంశీ నన్ను అంత ప్రేమగా చూడలేదు. పై నుంచి మామ గొంతు వినిపించింది. "ఇంద్రమ్మా, కోడలికి చాయ్ పంపు! బిస్కెట్లు గూడ!"

మల్లికార్జునరావుగారు చాయ్ తాగి, షట్టర్ చాలా బాగుందని పొగిడి, వెళ్లిపోయారు.

సరే, నా సంగతి చెప్పేశాను, ఇప్పుడు మీ వంతు. మీ ఇంట్లో విప్పేసి బిగించనిది ఏముంది? మోటరా, మిక్సీయా, తాతగారి రేడియోనా? దాని రేటు ఎవరు కట్టారు, ఎలా కట్టారు? రాసి పంపండి, మా మామకు చదివి వినిపిస్తాను. అమ్మే ఉద్దేశం ఉంటే మాత్రం నాకు చెప్పకండి, కొనే ప్రమాదం ఉంది.