గాలి, వెలుతురు పుష్కలం

ఒక కన్ను, నలుగురు మనుషులు, నూట పన్నెండు హోటళ్ళు. ఈ వృత్తాంతంలోని ముఖ్యమైన అంకెలు ఇవి. కన్నును చివర రాయవలసింది, పొరపాటున ముందు రాశాం. ఆ కుటుంబం మాత్రం అలాంటి పొరపాటు ఎన్నడూ చేయలేదు.

కన్ను, రిటైరైన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారి అక్కగారిది. ఎడమది. నలభై ఏళ్ళు కుట్టుమిషను ముందు కూర్చుని, ఊళ్ళో పిల్లలందరికీ యూనిఫారాలు కుట్టి, తమ్ముణ్ణి ఇన్‌స్పెక్టరు దాకా చదివించిన మనిషి ఆవిడ. కుడికన్ను రెండేళ్ళ కిందటే పోయింది. మంచి డాక్టరు ఎవరా అని అప్పట్లో కుటుంబం ఏడు నెలల పాటు క్షుణ్ణంగా పరిశీలిస్తూ ఉండగా, ఓపిక లేని ఆ కన్ను మధ్యలోనే వెళ్ళిపోయింది. తప్పు కన్నుదేనని ఇంట్లో ఏకాభిప్రాయం.

ఎడమకన్ను విషయంలో నగరంలోని కంటి ఆస్పత్రి నుంచి ఉత్తరం వచ్చింది. శుక్లం బాగా ముదిరిందనీ, నెలకు ఒక్కరోజే వచ్చే పెద్ద సర్జను గారు ఫలానా మంగళవారం ఆపరేషన్ చేస్తారనీ, ఉదయం పదింటికల్లా పేరు నమోదు చేయించుకోవాలనీ, ఆ నెల తప్పితే లోపలి నరం దెబ్బతిని ఇక ఏం చేసినా చూపు రాదనీ అందులో ఉంది. అడుగున చిన్న అక్షరాలలో, ఆస్పత్రి ఆవరణలోనే రోగికీ తోడు వచ్చినవారికీ గది ఇస్తామని కూడా రాశారు.

ఉత్తరం చదివి ఇన్‌స్పెక్టరు గారు చాలాసేపు ఆలోచించారు. ఆలోచించి, అందరినీ హాల్లోకి పిలిచి, గంభీరంగా ప్రశ్నించారు.

"అయితే ఎక్కడ దిగుదాం?"

ఇక్కడ ఇన్‌స్పెక్టరు గారి కార్యదక్షత గురించి నాలుగు మాటలు చెప్పడం మన విధి. ఆయన సర్వీసులో పదకొండు వందల స్కూళ్ళు తనిఖీ చేశారు. అందులో నలభై స్కూళ్ళు కళ్ళారా చూశారు కూడా. మిగిలినవి ఇంట్లో పడక్కుర్చీలో కూర్చుని, నలభై గడుల ఫారం ముందు పెట్టుకుని చూశారు. ప్రతి ఫారం చివరా ముత్యాల్లాంటి అక్షరాలతో ఒకే వాక్యం: "గాలి, వెలుతురు పుష్కలం. సిబ్బంది వినయశీలురు. మొత్తంమీద సంతృప్తికరం." ఒకసారి ఒక స్కూలుకు అసలు పైకప్పే లేదని తరవాత బయటపడింది. విచారణ జరిగింది. గాలి, వెలుతురు పుష్కలమన్న మాటలో అసత్యమేమీ లేదని తేలి, ఆయనకు ప్రమోషన్ వచ్చింది. ఆ నివేదికల నకళ్ళన్నీ ఇప్పటికీ బీరువాలో, బట్టల కంటే పదిలంగా ఉన్నాయి.

అలాంటి మనిషి హోటల్‌ను ఊరికే ఎలా ఎంచుకుంటారు? కొత్త రిజిస్టరు కొన్నారు. ఎర్రసిరాతో నలభై గడులు గీశారు. పదిహేడో గడి, ఈతకొలను. ఇంట్లో ఎవరికీ ఈత రాదు. ఇరవై మూడో గడి, తలగడల మెత్తదనం. రోజూ సాయంత్రం అయిదింటికి సమావేశం.

ఈ విషయంలో ఆయనకు కుడిభుజం అల్లుడు. అల్లుడికి ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగమున్నా, అసలు హోదా ఫోనులో ఉంది. చూసిన చోట్లకూ చూడని చోట్లకూ స్టార్లు ఇచ్చి, రివ్యూలు రాసి, 'నగర మార్గదర్శి, ఎనిమిదో శ్రేణి' అనే బిరుదు సంపాదించాడు. పోస్టాఫీసు, వంతెన, సందు చివరి ట్రాన్స్‌ఫార్మరు, ఏదీ వదల్లేదు. శ్మశానం గురించి ఆయన రాసింది మనవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు: "వాతావరణం ప్రశాంతం. కుటుంబసమేతంగా రాదగిన చోటు. మళ్ళీ వస్తాను." వెళ్ళి చూసి రాస్తే రోజుకు ఒకటి కూడా కాదనీ, వెళ్ళకుండా రాస్తే పన్నెండు దాకా అవుతాయనీ ఆయన అనుభవం.

"తమ్ముడూ, ఆస్పత్రిలోనే గది ఇస్తామన్నారుగా. అక్కడే ఉంటే పోలా?" అంది అక్కగారు మొదటి సమావేశంలో.

హాలంతా జాలిగా ఆవిణ్ణి చూసింది.

"దానికి ఎన్ని రివ్యూలున్నాయో తెలుసా పెద్దమ్మ గారూ? రెండు," అన్నాడు అల్లుడు. "రెండంటే రెండు. అలాంటి చోట మిమ్మల్ని ఎలా పడుకోబెడతాం?"

"నా కళ్ళు కూడా రెండే ఉండేవి బాబూ," అంది అక్కగారు. ఆ మాటను రిజిస్టరులో ఎక్కించడానికి గడి లేకపోయింది.

ఇన్‌స్పెక్టరు గారి భార్య పద్ధతి వేరు. ఆవిడ చెడ్డ రివ్యూలే చదువుతారు. మంచివి చదివితే నిద్ర పడుతుంది కానీ నమ్మకం కలగదట. పన్నెండు రోజుల్లో ఆవిడ నగరంలోని ప్రతి హోటల్లో ఏ గదిలో ఎవరికి తలవెంట్రుక దొరికిందో కంఠతా చెప్పగల స్థితికి చేరుకున్నారు.

"రెండొందల నాలుగులో దుప్పటి మీద మరకట వదినా. కాఫీ రంగుట. కాఫీయే అయితే పర్లేదు."

"మరక ఉన్నా నాకు కనబడదుగా," అంది అక్కగారు.

"మాకు కనబడుతుందిగా వదినా. వెళ్ళేది నీ ఒక్కదాని కోసమేనా?"

పద్దెనిమిదో రోజున, నూట పదకొండు హోటళ్ళు ఏదో ఒక గడి దగ్గర ఫెయిలయ్యాక, నూట పన్నెండోది దొరికింది. నాలుగు పాయింట్ ఎనిమిది స్టార్లు. బొమ్మల్లో పాలరాతి మెట్లు, కొలను, గాజుగోడలు. ఇన్‌స్పెక్టరు గారు దాని మొట్టమొదటి రివ్యూ చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"'గాలి, వెలుతురు పుష్కలం. సిబ్బంది వినయశీలురు. మొత్తంమీద సంతృప్తికరం.' చూశావా, ఎంత పొందికగా రాశాడో. ఎవరో అనుభవజ్ఞుడు. మా డిపార్టుమెంటువాడే అయ్యుంటాడు. ఇలాంటివాడు అబద్ధం రాయడు."

అల్లుడు ఏదో అనబోయి, మామగారి కళ్ళలో తడి చూసి, ఆగిపోయాడు. ఆరువందల నలభై రివ్యూలు రాసిన మనిషికి అన్నీ గుర్తుండవు కదా.

మంగళవారం ఉదయం ఏడు గంటలకు నలుగురూ నగరంలో బస్సు దిగారు. బస్టాండు గేటు దాటగానే, రోడ్డుకు అవతలి పక్కన, మనిషంత అక్షరాల బోర్డు. అక్కగారికి అక్షరాలు తెలియలేదు కానీ బోర్డు మీది పెద్ద కన్ను బొమ్మ మసగ్గా ఆనింది.

"అదే కదూ ఆస్పత్రి?"

"అదే. ఎక్కడికీ పోదులే అక్కయ్యా. పదింటికి కదా. ముందు హోటల్‌కి వెళ్ళి స్నానాలు చేసి, ఫ్రెష్షుగా వద్దాం," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

హోటల్ అక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. దూరానికి రిజిస్టరులో గడి లేదు.

ఆటో ఎనిమిదింబావుకు ఊరవతల ఒక ఎర్రమట్టి మైదానంలో ఆగింది. పాలరాతి మెట్ల స్థానంలో ఇసుక కుప్ప ఉంది. కొలను స్థానంలో ఒక గొయ్యి ఉంది, అందులో నీళ్ళూ ఉన్నాయి. రెండు అంతస్తుల స్తంభాలు ఆకాశంలోకి ఇనుపచువ్వలు చాచుకుని నిలబడ్డాయి. గోడలు ఇంకా రాలేదు. సిమెంటు బస్తాల మీద చెక్కపలక పరిచి, పలక మీద గంట పెట్టుకుని, మెడకు టై కట్టుకున్న మేనేజరు లేచి నమస్కరించాడు. సిబ్బంది వినయశీలురన్న మాట నిజమైంది.

"దయచేయండి సార్. మీకు నాలుగో అంతస్తు ఇచ్చాం."

"నాలుగో అంతస్తు ఏదయ్యా?"

"వస్తోంది సార్. వచ్చే ఏడాదికి."

"మరి ఆ ఫోటోలు?"

"అయ్యాక ఎలా ఉంటుందో ఆ ఫోటోలు సార్. అందులో పొరపాటేం లేదు."

"రివ్యూలు? నాలుగొందల మంది రాశారు కదయ్యా, అవీ మీరు రాయించినవేనా?"

మేనేజరు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఒక్కటి కూడా రాయించలేదు సార్. ఒట్టు. పునాది తవ్వుతున్నప్పుడే ఎవరో మహానుభావుడు మొదటిది రాసిపెట్టాడు. అది చూసి మిగతావాళ్ళు రాశారు. నిజం చెప్పాలంటే మా ఓనరు ఇక్కడ గోడౌన్ కడదామనుకున్నాడు. ఇంత పేరొచ్చేశాక హోటల్ కట్టక తప్పింది కాదు."

అంటూ ఆ మహానుభావుడి రివ్యూను ప్లాస్టిక్ తొడిగించి స్తంభానికి తగిలించిన చోటు భక్తిగా చూపించాడు. గాలి, వెలుతురు పుష్కలం. కింద పేరు: నగర మార్గదర్శి, ఎనిమిదో శ్రేణి.

మామగారు అల్లుడి వంక చూశారు. అల్లుడు తన బూట్ల వంక చూసుకున్నాడు. అల్లుడు ఆ మూడు వాక్యాలను బీరువాలోంచి ఎత్తుకొచ్చాడని మామగారికి అర్థమైంది. మామగారూ వాటిని స్కూళ్ళు చూడకుండానే రాశారని అల్లుడికీ అర్థమైంది. ఒకే విద్యలో ఆరితేరిన ఇద్దరు మనుషులు ఒకరినొకరు గుర్తుపట్టారు. ఇన్‌స్పెక్టరు గారు స్తంభాల మధ్యనుంచి వీస్తున్న గాలిని ఒకసారి పీల్చి, అన్నారు.

"రాసినవాడి తప్పేం లేదు. గాలీ ఉంది, వెలుతురూ ఉంది. తప్పంతా కట్టనివాళ్ళది."

అక్కడికక్కడే ఫిర్యాదు రాయడానికి కూర్చున్నారు. మూడు ప్రతులు. అల్లుడు స్తంభాలన్నిటికీ ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టరు గారి భార్య తలగడ చూపించమని పట్టుబట్టారు. తలగడ ఉంది. అదొక్కటే సిద్ధమైంది.

సూట్‌కేసు మీద కూర్చున్న అక్కగారు అడిగింది. "టైమెంతైంది తమ్ముడూ?"

"తొమ్మిదీ అయిదు. ఉండక్కయ్యా."

"పదింటికి పేరు రాయించుకోవాలన్నారు."

"ఉండమన్నానా. వీణ్ణి ఇలాగే వదిలేస్తే రేపు ఇంకో కుటుంబం మోసపోతుంది. ఇది ప్రజాసమస్య. నీ ఒక్కదాని కన్ను గురించి ఆలోచిస్తే ఎలా?"

అక్కగారు లేచింది. తమ్ముడి సంచిలో చెయ్యి పెట్టి, వేళ్ళతో తడిమి, ఆస్పత్రి ఉత్తరం తీసుకుంది. గుడ్డ ఏదో, కాగితం ఏదో ఆ వేళ్ళకు కళ్ళతో పనిలేదు. ఇసుక దింపిన లారీ ఎక్కడో పక్కన స్టార్టయిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు వైపు నడిచింది.

"ఎటు పెద్దమ్మా, కాళ్ళ కింద గొయ్యుంది," అన్నాడు లారీ డ్రైవరు.

"కంటాస్పత్రికి నాయనా. బస్టాండు ఎదురుగా. పదింటిలోపు వెళ్ళకపోతే ఉన్నది కూడా పోతుంది."

"నీ వాళ్ళెవరూ లేరా?"

"ఉన్నారు. పనిలో ఉన్నారు."

డ్రైవరు కిందికి దిగి, ఆవిణ్ణి రెండు చేతులతో ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. "గట్టిగా పట్టుకో. నా బండికి హారనొక్కటే బాగా పనిచేస్తుంది."

పదింటికి నాలుగు నిమిషాలు ఉందనగా ఆస్పత్రి రిజిస్టరులో ఆవిడ పేరు ఎక్కింది. ఆ రిజిస్టరుకు మూడే గడులు: పేరు, వయసు, ఏ కన్ను.

అక్కగారు లేరన్న సంగతి కుటుంబం పదింబావుకు గమనించింది. ఫిర్యాదుకు సాక్షి సంతకం అవసరమైంది కాబట్టి వెంటనే తెలిసిపోయింది. ముగ్గురూ విపరీతంగా కంగారుపడ్డారు. ఆ కంగారులోనే నాలుగు పాయింట్ ఆరు స్టార్ల హోటల్ ఒకటి చూసుకుని, స్నానాలు చేసి, భోంచేసి, మూడింటికల్లా ఆస్పత్రికి చేరుకున్నారు. కంటికి కట్టుతో అక్కగారు ఆస్పత్రి గదిలో పడుకుని ఉంది. గదిలో ఒక మంచం, ఒక బల్ల, శుభ్రమైన దుప్పటి.

"చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే మా గతేం కాను వదినా?" అన్నారు మరదలు గారు. అంటూనే తలగడ నొక్కి చూశారు.

మర్నాడు కట్టు విప్పారు. అక్కగారు కాసేపు డాక్టరమ్మ కోటు వంక చూసి, "మూడో గుండీ కింద కుట్టు ఊడింది తల్లీ, దారముంటే ఇలా ఇవ్వు," అంది.

ఆ ఆస్పత్రికి మొత్తం రెండే రివ్యూలు ఉండేవని ముందే మనవి చేశాం. చూపు వచ్చినవాళ్ళు ఇంటికి వెళ్ళి పనులు చూసుకుంటారు తప్ప రాస్తూ కూర్చోరు. ఆ లోటును మన కుటుంబం తీర్చింది. తలా ఒకటి చొప్పున మూడు రివ్యూలు, తలా ఒక స్టారు. "రోగిని కుటుంబ అనుమతి లేకుండా ఆపరేషన్‌కు తీసుకున్నారు." "తలగడ గట్టి." అల్లుడిది మూడోది: "ఈతకొలను లేదు." అయిదు స్టార్ల ఆస్పత్రి ఒక్క సాయంత్రంలో రెండున్నరకు దిగింది. లారీ డ్రైవరుకు కూడా ఏదో ఒకటి ఇద్దామని అల్లుడు ఉదారంగా వెతికాడు కానీ, ఆయన ఫోనులో ఎక్కడా లేడు. కాబట్టి అలాంటి మనిషే లేడనుకోవాలి.

నెల తరవాత పక్కింటి టీచరమ్మ వచ్చింది. ఆవిడకూ శుక్లమే, ఆవిడకూ ఆలస్యం చేయొద్దనే చెప్పారు. అక్కగారు కిటికీ దగ్గర మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒక్క ప్రయత్నంలో ఎక్కింది.

"ఎక్కడ చేయించుకున్నారు పెద్దమ్మా?"

అక్కగారు చెప్పింది. టీచరమ్మ ఫోను తీసి, కళ్ళకు ఆనించుకుని వెతికి, పెదవి విరిచింది. "రెండున్నర స్టార్లేగా."

"స్టార్లు నాకింకా కనబడ్డం లేదమ్మా. సూది బెజ్జమైతే కనబడుతోంది."

"అదేంటో పెద్దమ్మా, మీ అదృష్టం బావుంది, అంతే. అందరికీ అలా కుదురుతుందా?" అని టీచరమ్మ హాల్లోకి వెళ్ళింది. హాల్లో అల్లుడు ఆవిడకు వేరే ఆస్పత్రి చూపించాడు. కొత్తది. నాలుగు పాయింట్ తొమ్మిది. అక్కగారు లేచి వచ్చి, భుజం మీదుగా తొంగి, మొదటి రివ్యూను పైకి చదివింది. కొత్త కన్ను కదా, అక్షరం పొల్లుపోలేదు.

"గాలి, వెలుతురు పుష్కలం." చదివి ఆగింది. "దీనికి కప్పు వేశారా బాబూ?"

టీచరమ్మ హాయిగా నవ్వి, మంగళవారానికి పేరు నమోదు చేసుకుంది. ఆ రివ్యూ తమకు ఉపయోగపడిందని అప్పటికే మూడువందల పదిహేడు మంది నొక్కారు. ఆవిడ మూడువందల పద్దెనిమిదో మనిషి.

వారందరినీ చూసి నవ్వుకునే పాఠకులకు ఒక్క మనవి. ఇదంతా నమ్మదగినదో కాదో ఇప్పుడే తేల్చుకోనక్కరలేదు. మీకంటే ముందు చదివినవాళ్ళు ఎన్ని స్టార్లు ఇచ్చారో చూసుకుని, అప్పుడు నిదానంగా ఒక అభిప్రాయానికి రండి. ఎలాగూ మీరు చేయబోయేది అదే.