కునుకు తీసే చిప్పూ, అన్నపూర్ణ బొటనవేలూ

పని లేనప్పుడు హాయిగా కునుకు తీసేవాడే లోకంలో అసలైన బుద్ధిమంతుడని ఘంటాపథంగా చెబుతున్నాను! నమ్మరా? అయితే నూజివీడులో శ్రీరాములు నడిపే ఆన్‌లైన్ సేవల కొట్టుకి వెళ్లండి.

మొన్నామధ్య పిడుగు దెబ్బకి ఆయన కంప్యూటర్‌లో నెట్ కేబుల్ పెట్టే చోటు కాలిపోయింది. దాని బదులు అగ్గిపెట్టెంత యూఎస్‌బీ ముక్క తగిలించి, కేబుల్ దానికి గుచ్చాడు. ఆ ముక్కలోని చిప్ పది సెకన్లు పని తగలకపోతే చాలు, కరెంటు ఆదా కోసం పడుకుంటుంది. ఆ నిద్రలోనూ రకాలున్నాయండోయ్! కోడినిద్రలో ఉంటే, తన పేరున పిలుపొస్తే లేస్తుంది. ఇంకాస్త గాఢమైతే కేబుల్ తీసి మళ్లీ గుచ్చాలి. మొద్దునిద్రయితే కంప్యూటరే తట్టి లేపాలి. మధ్యాహ్నం భోంచేసి పడుకునే మనకి ఇంత క్రమశిక్షణ ఉందా?

ఇంత గుణవంతమైన చిప్ మీద కత్తులు నూరింది రెడ్డిగూడెం అన్నపూర్ణ. ఆవిడకి ఎకరన్నర చిన్నరసాల మామిడితోట. గాలివానకి కాయంతా నేల రాలింది. మర్నాడు సాయంత్రం ఐదింటిలోగా వేలిముద్ర వేసి పరిహారం కోసం నష్టం నమోదు చేయించాలట. లేకపోతే ఏడాది కష్టం మట్టిపాలే.

ఇరవయ్యేళ్లు కాయలు కోసిన వేళ్లవి. సొన కారి కారి గీతలన్నీ చెరిగిపోయాయి. బొటనవేలు పెడితే యంత్రం పట్టదు. కొంగుతో తుడుచుకుని, తలకి రాసుకుని మళ్లీ పెట్టేలోపు పది సెకన్లు! చిప్ గారు నిద్రలోకి జారుకుంటారు. లైను తెగుతుంది. ఆధార్ నంబరు నుంచి మళ్లీ మొదలు! ఇలా ఆరుసార్లు. ఆ ఆరు కునుకుల్లో దేశానికెంత కరెంటు మిగిలిందో ఆవిడ ఒక్కసారైనా ఆలోచించిందా?

నాలుగున్నరయింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. జిరాక్స్ కోసం పక్కనే నిలబడ్డ నేను నా కాగితాలు పక్కన పెట్టేశాను.

“ఇదేంటండీ, అస్తమానం పడుకుంటుంది?” అంది.

“ఖాళీగా ఉంటే పడుకుంటుందమ్మా. ఆ సెట్టింగు ఎక్కడుందో నాకూ తెలీదు,” అన్నాడు శ్రీరాములు.

“మా తోట కాపలావాడూ అంతేనండీ. అందుకే ఏదోటి పలకరిస్తానే ఉంటాం. దీనికీ ఏదన్నా పని చెప్పండి!”

శ్రీరాములు నెట్‌లో ఒక పాట వీడియో పెట్టి వదిలేశాడు. ఇక చిప్‌కి కునుకెక్కడిది! రెండో చరణంలో ఉండగా, తొమ్మిదో ప్రయత్నానికి ముద్ర పడింది. ఐదుకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. కొట్టులో ఉన్నవాళ్లమంతా చప్పట్లు కొట్టాం.

స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది. “నమోదైంది. అధికారి వచ్చి చూసేవరకు రాలిన కాయలు కదపరాదు.”

ఇది జరిగి పంతొమ్మిది రోజులు. కాయలు కుళ్లిపోయి తోటంతా ఈగలు ముసురుతున్నాయి. అన్నపూర్ణ పనులు మానుకుని ఆ కుళ్లుకి కాపలా కాస్తోంది. అధికారి గారు మాత్రం ఆఫీసులోనే ఉన్నారట! ఫోను చేసినా పలకలేదు, పేరు పెట్టి అర్జీ పంపినా కదల్లేదు, వెళ్లి తలుపు తట్టినా లేవలేదు. చిప్‌ని ఎవరైనా తిడితే నేను ఊరుకోను. అది తడితే లేస్తుంది.

నిన్న ఆవిడ మళ్లీ కొట్టుకొచ్చింది.

“శ్రీరాములు గారూ, ఆ పాటేదో ఒకసారి ఆఫీసరు గారి గది ముందు పెట్టి రాగలరాండీ?”