అభ్యంతరం లేని చోటు

శివారు వ్యాపార కేంద్రం ఇకమీదట ఒక పద్ధతి ప్రకారమే పెరుగుతుందని పురపాలక సంఘం ప్రకటించింది. అంతవరకూ అది ఎవరినీ అడక్కుండా పెరిగింది. ఒక బస్సు స్టాపు, దాని చుట్టూ మందుల షాపు, జిరాక్సు, క్షౌరశాల, కళ్లజోళ్ల షాపు. ఎవరికి వీలైన చోట వాళ్లు వెలిసి, సిగ్గూ ఎగ్గూ లేకుండా వ్యాపారం చేసుకుంటున్నారు. ఇంతటి అరాచకాన్ని చక్కదిద్దే బాధ్యతను ప్రణాళికాధికారికి అప్పగించారు.

ఆయన సమర్థుడు. ఆ మాట ఆయనే చెప్పేవాడు, చెప్పాక ఆయనే కొంచెం సందేహించేవాడు. ఆఫీసులో ఎదురుగా ‘సార్’ అనీ, చాటున ‘రంగు పెన్సిలు’ అనీ పిలిచేవారు. రెండోదే తనకు ఎక్కువ నప్పుతుందని ఆయనకూ తెలుసు. ఇంటి నుంచి ఆఫీసు కూతవేటు దూరం. ఆ దూరం రోజూ కారులో వెళ్లి, ‘నడకకు అనువైన పట్టణ కేంద్రం’ అనే అధ్యాయం రాశాడు. కారు ఆపడానికి చోటు దొరక్క వీధి చుట్టూ తిరుగుతున్నప్పుడే దానికి మంచి మంచి వాక్యాలు తట్టేవి.

ఆ ప్రణాళికకు ‘దూరదృష్టి పత్రం’ అని పేరు. మధ్యలో రాళ్లు పరిచిన ప్రాంగణం, చెట్లు, బెంచీలు, ఫౌంటెను. బొమ్మలో మనుషుల్ని కూడా వేశాడు. అందరూ సన్నగా, తీరిగ్గా, బెలూన్లు పట్టుకుని తిరుగుతున్నారు. ఈ చుట్టుపక్కల అలాంటివాళ్లు ఒక్కరూ లేరే అనిపించింది గానీ, అభివృద్ధి అంటే అదే కదా అని సరిపెట్టుకున్నాడు.

ప్రాంగణానికి చోటు కావాలంటే ఒక వరస షాపులు పోవాలి. పటంలో ఆ వరసకు ఎంత శ్రద్ధగా గులాబి రంగు వేశాడంటే, అందులో తన భార్య కళ్లజోళ్ల షాపు ఉందన్న సంగతే గుర్తు రాలేదు. నోటీసు కింద సంతకాన్ని ఆవిడ మాత్రం ఇట్టే గుర్తుపట్టింది.

"ఏమండీ, ఇది మీ సంతకమేనా?" అని భోజనాల దగ్గర అడిగింది.

"ప్రజా ప్రయోజనాల దృష్ట్యా..."

"అయితే ప్రజల్లో నేను లేనా?"

"ఉన్నావు. కాకపోతే ప్రణాళిక మనిషి మనిషినీ చూడదు. స్థూలంగా చూస్తుంది."

"రేపోసారి షాపుకు రండి, కళ్లు పరీక్ష చేస్తాను. దూరం బాగానే ఆనుతోంది మీకు. ఇంతసేపట్నుంచీ పళ్లెంలో ఏముందో చూసుకోలేదు."

చూసుకున్నాడు. పళ్లెంలో ఏమీ లేదు.

ఆ ఖాళీ పళ్లెం ముందు కూర్చున్న ఆయనకు ప్రణాళికలో ఒక సాంకేతిక లోపం కనబడింది. మర్నాడు ప్రాంగణాన్ని అవతలి వరసకు జరిపాడు. అక్కడి మందుల షాపు సంఘాధ్యక్షుడి బావమరిదిది. మళ్లీ జరిపాడు. ఈసారి క్షౌరశాల అడ్డొచ్చింది. క్షురకుడు అధ్యక్షుడికి గడ్డం గీస్తూ గీస్తూ కత్తిని మెడ దగ్గర ఆపి, "మా షాపు పోతుందటగా సార్?" అని మర్యాదగా అడిగాడు. పోదని అధ్యక్షుడు కదలకుండా హామీ ఇచ్చాడు.

ఇక మిగిలింది బస్సు స్టాపు. అభ్యంతరాలు వినడానికి పట్టపగలు సభ పెట్టారు. బస్సుల్లో తిరిగేవాళ్లెవరూ రాలేదు, బస్సుల్లో ఉన్నారు కనుక. ఏ అభ్యంతరమూ లేనందున స్టాపును బైపాసు రోడ్డుకు తరలించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఈ కేంద్రానికి మనుషులు వచ్చేదే ఆ బస్సుల్లో కదా అని ప్రణాళికాధికారికి తట్టింది. చెయ్యి సగం దాకా ఎత్తాడు. అధ్యక్షుడు తనవైపు చూడగానే ఆ చేత్తో కళ్లజోడు సర్దుకున్నాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. "సోదర సోదరీమణులారా! ఇవాళ్టి నుంచి ఇక్కడ మనిషికే అగ్రస్థానం. వాహనానికి చోటు లేదు!" అని అధ్యక్షుడు గర్జించాడు. చప్పట్లు ఆగాక అతిథులందరూ తమ తమ కార్లెక్కారు. అవి ప్రాంగణంలోనే ఉన్నాయి. మరెక్కడా చోటు లేదు మరి. ఆనాటి నుంచి అది కార్లకే స్థిరపడింది. మొదట్లో ప్రణాళికాధికారి సిగ్గుపడ్డాడు. తర్వాత ఒక చెట్టు కింద నీడ పట్టున చోటు దొరకడంతో ఆ సిగ్గు తగ్గింది.

భార్య షాపు మిగిలింది. వచ్చేవాళ్లే మిగల్లేదు. ఒక సాయంత్రం ఆయన వెళ్లేసరికి ఆవిడ ఎవరూ పెట్టుకోని అద్దాలను తుడుస్తోంది.

"పోనీలెండి, మీరు కాపాడారుగా," అంది. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఆ నెలలోనే ఆవిడ బైపాసు రోడ్డు మీద, కొత్త స్టాపు ఎదురుగా ఒక రేకుల గది అద్దెకు తీసుకుంది. ఆవిడ వెనకే జిరాక్సు షాపు వెళ్లింది, దాని వెనక క్షురకుడు. మూడేళ్లు తిరక్కుండా అక్కడ అద్దాల తలుపులూ మేడలూ లేచాయి. ఆవిడ కారు కొంది. అక్కడ అనుమతి లేని అభివృద్ధి జరుగుతోందని సంఘం కనిపెట్టి, అనుభవజ్ఞుడు కనుక ఆ పనిని మళ్లీ ఆయనకే ఇచ్చింది.

ఈసారి ఆయన బుద్ధి తెచ్చుకున్నాడు. అక్కడి షాపులవాళ్లు హాల్లో పెట్టిన సభకు బస్సులో, నిలబడి వెళ్లాడు. చెమటతో, కొంచెం గర్వంతో వేదికెక్కి, "ఒకసారి తప్పు చేశాను. ఈ స్టాపు జోలికి మాత్రం పోను," అన్నాడు.

చప్పట్లు పడలేదు. ముందు వరసలోంచి ఆయన భార్య లేచింది.

"సార్, మా షాపులకొచ్చేవాళ్లకి కార్లు ఆపుకునే వీలే ఉండట్లేదు. ఎప్పుడు చూసినా ఆ బస్సుల జనం మెట్ల మీదే ఉంటారు. ఆ స్టాపును కాస్త అవతలికి జరిపించండి."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆయన నోరు తెరిచాడు, అందులోంచి "పరిశీలిస్తాం" అనే మాటే వచ్చింది.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. "రండి, నాతో పోదాం," అని భార్య కారు తలుపు తీసింది. లోపల చల్లగా ఉంది. కాస్త దూరం పోయేసరికి స్టాపు దగ్గర జనం రోడ్డు మీదికి వచ్చి నిలబడి ఉన్నారు. ఆవిడ హారను కొట్టింది. వాళ్లు జరగలేదు.

ఆయన పక్క సీట్లోంచి చెయ్యి చాపి, తనే గట్టిగా నొక్కాడు.